సొంతూరి స్టేజీ మీద కొత్త జోకులు

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా వీలైన శనివారాల్లో హైదరాబాద్ వెళ్లి ఓపెన్ మైక్‌లలో స్టాండప్ కామెడీ చేస్తున్నాను, అంటే ఎవరైనా స్టేజీ ఎక్కి నాలుగైదు నిమిషాలు చెప్పి చూసుకునే చోట్ల ఒక్కదాన్నే నిలబడి జోకులు చెప్తాను. ఎనిమిది నిమిషాల జోకుల సెట్ ఒకటి బాగా కుదిరింది, ఎక్కడ చేసినా నవ్వుతారు. దసరా సెలవుల్లో మా దగ్గర మూడు రోజుల సాంస్కృతిక ఉత్సవం పెడుతున్నారు. బతుకమ్మ పాటలు, డ్యాన్సులు, మిమిక్రీ, వాటి మధ్యలో నాకు పది నిమిషాలు ఇచ్చారు. సొంతూర్లో చేయడం ఇదే మొదటిసారి. పాత సెట్‌లో కొన్ని ముక్కలు రీల్స్‌లో చాలామంది చూసేశారు. అందుకని పెళ్లిచూపుల మీద, మా అమ్మ మీద కొత్తగా రాశాను కాని ఇంకా ఎక్కడా చెప్పి చూడలేదు. మూడు వారాల టైం ఉంది. సేఫ్‌గా పాతదే చేయాలా, ధైర్యం చేసి కొత్తది చెప్పాలా? అమ్మ, మేనత్త ముందు వరుసలో కూర్చుంటామంటున్నారు, అదో టెన్షన్. కొత్తదాంట్లో ఒక ముక్క కింద రాస్తున్నాను, చూసి చెప్పండి. ఇంకోటి, నిర్వాహకులు డబ్బులేమీ ఇవ్వరట, శాలువా కప్పుతామన్నారు. అడగొచ్చా?

"నేను కామెడీ చేస్తనని ఎవరికన్న చెప్పాలంటే మా అమ్మకు నామోషీ. అందుకని మొన్న పెళ్లిచూపులకు వచ్చినోళ్లు 'అమ్మాయి శనివారం శనివారం హైదరాబాద్ ఎందుకు పోతది' అని అడిగితే, మా అమ్మకు ఏం చెప్పాల్నో తెల్వక 'గ్రూప్ వన్ కోచింగ్‌కు పోతది' అని చెప్పింది. ఇగ అప్పటిసంది మా కాలనీల అందరికి నేను గ్రూప్ వన్ ప్రిపేర్ అయితున్న అనే తెలుసు. పరీక్ష వచ్చినప్పుడల్లా అందరు వచ్చి ఆల్ ది బెస్ట్ చెప్తరు, రిజల్ట్ వచ్చినంక నేను రాయని పరీక్షల ఫెయిలైన అని అందరు నన్ను ఓదారుస్తరు అన్నట్టు."

సమాధానం: చెల్లె, కొత్తది చెప్పు. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు కొత్తది, మిగతాది పాతది. ఈ లెక్క ఎందుకో తర్వాత చెప్తాను, ముందు నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాలి. "సేఫ్‌గా పాతదే చేయాలా" అని అడిగావు. నీ పాత సెట్ హనుమకొండలో సేఫ్ అని ఎట్లా అనుకున్నావు? దాన్ని ఇక్కడ ఒక్కసారి కూడా చెప్పలేదు కదా. ఒక జోకును ఎన్నేళ్ల నుంచి చెప్తున్నామన్నదాని కంటే, ఎవరి ముందు చెప్పాం, వాళ్లలో ఎవరు నవ్వారు అన్నదాన్ని బట్టే దాని మీద నమ్మకం పెట్టుకోవాలి. ఆ లెక్కన నీ దగ్గర ఉన్నదంతా మనూరికి కొత్తదే.

ఓపెన్ మైక్ గది ఎట్లా ఉంటుందో నీకు నాకంటే బాగా తెలుసు. చిన్న గది, తక్కువ వెలుతురు, దగ్గర దగ్గరగా కుర్చీలు. వచ్చినవాళ్లు నవ్వుదామనే వస్తారు, వాళ్లలో తోటి కమెడియన్లు కూడా ఉంటారు. మన ఉత్సవానికి వచ్చేవాళ్లు అట్లా రారు. తమ పాప డ్యాన్స్ చూడటానికి ఒకరు వస్తారు, బతుకమ్మ ఆడి అటు నుంచి అటే ఇంకొకరు వస్తారు. కామెడీ అంటే వాళ్లకు టీవీలో స్కిట్టు, స్టేజీ మీద మిమిక్రీ. ఒక అమ్మాయి ఒంటరిగా నిలబడి తన ఇంటి ముచ్చట్లు చెప్తే అది కార్యక్రమమా, యాంకరింగా అని మొదటి నిమిషం వాళ్లకు అర్థం కాదు. గచ్చిబౌలి ట్రాఫిక్, పీజీ హాస్టల్ సాంబారు, డేటింగ్ యాపులు నీ పాత సెట్‌లో ఉంటే అవి సగం కుర్చీల దాకా కూడా చేరవు.

యాస సంగతి ఇంకా ముఖ్యం. హైదరాబాద్ గదుల్లో మన మాట తీరుకే సగం నవ్వు వస్తుంది. "ఏందివయా", "గట్లెట్ల" అనగానే అక్కడ నవ్వుతారు. ఇక్కడ అందరూ మాట్లాడేది అదే, దాంట్లో నవ్వడానికి ఏముంది? ఇది కాళోజీ ఊరు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే రాష్ట్రమంతా తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నవ్వు కోసం యాసను సాగదీసి మాట్లాడితే ఇక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు, మనసు కూడా నొచ్చుకుంటారు. ఇంట్లో అమ్మతో ఎట్లా మాట్లాడతావో స్టేజీ మీద అట్లాగే మాట్లాడు. అంతకంటే ముందు ఈ పని చెయ్యి: పాత సెట్ మొత్తం కాగితం మీద పెట్టి, నవ్వు వచ్చే ప్రతిచోటా గీత గీయి. ప్రతి గీత పక్కన, ఇది విషయానికి వచ్చిన నవ్వా, యాసకు వచ్చిన నవ్వా అని ఉన్నదున్నట్టు రాసుకో. యాసకు వచ్చినవి కొట్టేస్తే ఏం మిగులుతుందో అదే ఇక్కడ నీ పాత సరుకు. ఎనిమిది నిమిషాల్లో ఐదు మిగిలినా చాలు.

రీల్స్ గురించి అంత బెంగ వద్దు. రీల్ చూసినవాళ్లు నీ వయసువాళ్లు, నీ స్నేహితులు. ఆ కుర్చీల్లో కూర్చునే పెద్దమ్మలకు, మామలకు అవి చేరి ఉండవు.

ఒక్క మనిషి నిలబడి మాటలతో నవ్వించడం మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో వరంగల్‌లోనే పుట్టారు. గొంతు ఒక్కటే ఆస్తిగా 1971లో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లొచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. హనుమకొండలో ఆయన పేరుతోనే ఆడిటోరియం ఉంది. ఇంకా వెనక్కి పోతే మన పిట్టలదొర ఉన్నాడు, తుపాకి రాముడని కూడా అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. ఊరి నడుమ నిలబడి, లేని ఆస్తులు, చేయని వేటలు, తనకు తెలిసిన దొరలు, కలెక్టర్లు అంటూ ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. ఆ వేషం కట్టే బుడిగ జంగాల కళాకారులను గమనిస్తే నీకు కావలసిన పాఠం దొరుకుతుంది. కోతలు కోసే తీరు ఏ ఊర్లోనైనా అదే. ఊరు మారినప్పుడల్లా అందులోకి ఆ ఊరి చెరువు, ఆ ఊరి పెద్దమనిషి వచ్చి చేరతారు. నిలకడగా నవ్వు తెచ్చే భాగం ఎప్పుడూ చేతిలో ఉంటుంది కాబట్టి, అప్పటికప్పుడు కలిపిన కొత్త మాట పేలకపోయినా ఆట ఆగదు. నాలుగు నిమిషాలే కొత్తది అని నేను చెప్పడం కూడా అందుకే.

బయటి దేశాల్లో పెద్ద పెద్ద కమెడియన్లు ఉత్సవాల్లోనే కొత్త సరుకు పరీక్షిస్తారు కదా అని నీకు అనిపించవచ్చు. నిజమే. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో 1947 నుంచి జరుగుతున్న ఫ్రింజ్ ఉత్సవంలో, ఇంకా తయారవుతున్న షోలను కూడా స్టేజీ ఎక్కిస్తారు. కాని అది ఇంకా పూర్తి కాని షో అని ముందే ప్రకటిస్తారు, చూసేవాళ్లు తెలిసే టికెట్ కొంటారు. అమెరికాలో క్రిస్ రాక్ అంతటివాడు పెద్ద టూర్‌కు ముందు చిన్న క్లబ్బుల్లో నోట్‌బుక్ పట్టుకుని నిలబడి కొత్త జోకులు చెప్పి చూసుకుంటాడు. నవ్వు రానివి అక్కడే వదిలేస్తాడు, పెద్ద స్టేజీ దాకా రానివ్వడు. మన ఉత్సవానికి వచ్చినవాళ్లకు నువ్వు జోకును పరీక్షిస్తున్నావని తెలియదు. తేలిపోతే, ఈ అమ్మాయికి నవ్వించడం రాదు అనుకుని పోతారు. కాబట్టి పరీక్షంతా ఆ రోజుకు ముందే అయిపోవాలి.

మూడు వారాలంటే మూడు శనివారాలు. ఆ మూడు రోజులూ హైదరాబాద్‌లో పాతదాన్ని ముట్టుకోకు. అక్కడ ఇచ్చే నాలుగైదు నిమిషాలూ కొత్తదే చెప్పు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో రెండు గంటలు పడుతుంది, పోయేటప్పుడు దిద్దుకోవడానికి, వచ్చేటప్పుడు రికార్డింగ్ వినడానికి ఆ టైం సరిపోతుంది.

కాని అసలు పరీక్ష ఇక్కడే, మిగతా రోజుల్లో. మీ కాలనీలో సాయంత్రం కోలాటం ప్రాక్టీసు చేసే ఆడవాళ్లున్నారా? వాళ్ల పక్కన కూర్చో. బ్యాంకులో లంచ్ టైంలో క్యాషియర్ అన్న, అటెండర్ బాబాయి ఉంటారు. నయీంనగర్ వైపు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లుండే హాస్టల్లో స్నేహితురాలెవరైనా ఉంటే ఒక రాత్రి అక్కడికి పో. ఈ మూడు గుంపులూ రేపు నీ ఎదురుగా ఉండే జనమే. "జోకు చెప్తా వినండి" అని మొదలుపెట్టకు, అట్లా అంటే మర్యాదకు నవ్వుతారు. మామూలు ముచ్చటలో కలిపి చెప్పు. నవ్వారంటే సరే. "అయ్యో, మీ అమ్మ అట్లెందుకు చెప్పింది?" అని అడిగారంటే, జోకుకు ముందు చెప్పాల్సిన సంగతి ఏదో నువ్వు చెప్పలేదన్నమాట. ఆ ప్రశ్న వచ్చిన చోటే ఒక వాక్యం కలుపు. వాట్సాప్‌లో పంపి నవ్వే బొమ్మలు లెక్కపెట్టుకోవద్దు, అక్కడ అందరూ నవ్వే బొమ్మే పెడతారు. రెండు గుంపుల్లో తేలిపోయిన ముక్కను ఈ ఉత్సవానికి పక్కన పెట్టు. పారేయకు, ఇంకో ఏడాదికి పనికి రావచ్చు.

ఇప్పుడు నువ్వు పంపిన ముక్క. అందులో బంగారం లాంటి మాట ఒకటుంది: రాయని పరీక్షలో ఫెయిలవడం. ఇంత చిన్న మాటలో మీ అమ్మ అబద్ధం, కాలనీ ప్రేమ, నీ ఇరకాటం మూడూ ఉన్నాయి. కాని అది ఎక్కడుందో చూడు. ఆఖరి వాక్యం నడుమ ఇరుక్కుంది, దాని వెనక "అని అందరు నన్ను ఓదారుస్తరు అన్నట్టు" అని ఇంకో ఐదు మాటలున్నాయి. "ఫెయిలైన" అనగానే జనానికి నవ్వు వస్తుంది. నువ్వింకా మాట్లాడుతున్నావు కాబట్టి, ఇంకేదో ఉంది కాబోలని ఆ నవ్వును ఆపుకుంటారు. ఆపుకున్న నవ్వు మళ్లీ రాదు.

తెలుగులో జోకు రాసేవాళ్లందరికీ ఈ ఇబ్బంది ఉంది. ఎవరో అన్న మాట చెప్తే దాని వెనక "అని చెప్పింది", "అని అన్నడు" తప్పకుండా వస్తుంది, నవ్వు తెచ్చే మాట దాని ముందే అయిపోతుంది. దీనికి మందు కూడా మన మాటల్లోనే ఉంది. మన ఆడవాళ్లు గడప మీద కూర్చుని ముచ్చట చెప్పేటప్పుడు విను. "ఏమన్నదో తెల్సా" అని ఒక్క క్షణం ఆగి, తర్వాత అసలు మాట వదులుతారు. నీ ముక్కను ఆ పద్ధతిలో తిరగరాస్తే ఇట్లా ఉంటుంది:

"నేను కామెడీ చేస్తనని మా అమ్మ ఎవ్వలకు చెప్పదు. పెళ్లిచూపులకు వచ్చినోళ్లు అడిగిన్రు, అమ్మాయి శనివారం శనివారం హైదరాబాద్ ఎందుకు పోతది అని. మా అమ్మ ఏమన్నదో తెల్సా? గ్రూప్ వన్ కోచింగ్. ఆ సంబంధం పోయింది. కోచింగ్ ఉన్నది. నోటిఫికేషన్ పడంగనే పక్కింటి ఆంటీ గిన్నెల పెరుగు, చక్కెర కలుపుకొని ఉరికొస్తది. రిజల్ట్స్ నాడు కాలనీ మొత్తం మా ఇంట్లనే ఉంటది, అమ్మను ఓదార్సుకుంట. నేను పరీక్షే రాయలే. ఫెయిలైన. మొన్న మా అమ్మ కూడ అడిగింది... ఈసారన్న మంచిగ రాసినవా బిడ్డా?"

ఏం మార్చానో చూడు. "నామోషీ" తీసేశాను, ఎవరికీ చెప్పదు అంటే ఆ సంగతి వాళ్లకే తెలుస్తుంది. "అందరు ఆల్ ది బెస్ట్ చెప్తరు" అన్నచోట ఒక్క ఆంటీని, ఒక్క గిన్నెను పెట్టాను. అందరు అంటే ఎవరూ కళ్ల ముందుకు రారు. పెరుగు చక్కెర నేను ఊహించింది, మీ పక్కింటామె నిజంగా ఏం తెచ్చి పెడుతుందో అదే పెట్టు. చివరి వాక్యం నా సలహా. తాను చెప్పిన అబద్ధాన్ని అమ్మే నమ్మేసింది అనే మలుపు దగ్గర, ఇంట్లో అట్లాంటి అమ్మ ఉన్న ప్రతి ఒక్కరూ నవ్వుతారు. "తెల్సా" తర్వాత ఒక క్షణం, "ఫెయిలైన" తర్వాత నవ్వు సగం తగ్గేదాకా ఆగు. పూర్తిగా తగ్గేదాకా ఆగితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఆ కుర్చీల్లో నిజంగా గ్రూప్ వన్ రాసినవాళ్లుంటారు. 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చాక మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కారు. అద్దె గదుల్లో వయసు కరిగిపోయినవాళ్లు, వాళ్లకు నెలనెలా డబ్బులు పంపిన అమ్మానాన్నలు నీ జోకు వింటారు. నీ ముక్కలో నవ్వు వాళ్ల మీద పడటం లేదు, అది చాలా బాగుంది. అట్లాగే ఉంచు. ముందు ముందు ఇంకో మాట కలపాలనిపించవచ్చు, "పరీక్ష రద్దయిందంటే రాష్ట్రంల సంతోషపడ్డది మా అమ్మ ఒక్కతే" లాంటిది. హైదరాబాద్ గదిలో దానికి పెద్ద నవ్వే రావచ్చు. కాని ఆ హాస్టల్లో, ఆ పరీక్షలు రాసి నష్టపోయినవాళ్ల మధ్య కూర్చుని చెప్పినప్పుడు వాళ్లు నవ్వితేనే దాన్ని స్టేజీ ఎక్కించు. వాళ్ల ముఖాలు వాడిపోతే ఇక ఎక్కడా చెప్పకు.

పెళ్లిచూపుల ముక్కల్లో అబ్బాయి పేరు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. మన దగ్గర "పరకాల సంబంధం, అబ్బాయి అమెరికాలో, నాన్న టీచర్" అంటే చాలు, మూడో వరుసలో ఎవరో ఒకరు ఇంటిపేరుతో సహా చెప్పేస్తారు. ఊరు మార్చు, ఉద్యోగం మార్చు, వీలైతే రెండు మూడు సంబంధాలు కలిపి ఒకటి చెయ్యి. అట్లాగే కులం మీద, పార్టీల మీద కొత్త జోకులు ఈ స్టేజీకి తీసుకుపోకు. సగం జోకు ఎవరి ఫోన్లోనో పడి, మిగతా సగం లేకుండా ఊరంతా తిరుగుతుంది. బతుకమ్మ చుట్టూ మనుషులు చేసే హడావుడి మీద ఎంతైనా నవ్వించు, ఎవరి బతుకమ్మ ఎత్తు అని వదినా ఆడపడుచుల పోటీ, తంగేడు పూల కోసం పొద్దున్నే పరుగులు. అమ్మవారి జోలికి మాత్రం పోకు. ఆ సాయంత్రం వాళ్లు భక్తితో వచ్చి ఉంటారు, దాన్ని గౌరవించాలి.

ఇక వరుస. మొదటి నిమిషం పలకరింపు, అందులో ఆ సాయంత్రం అందరూ చూసినదే ఒకటి ఉండాలి, అప్పుడే నువ్వు వాళ్లలో మనిషివని తెలుస్తుంది. తర్వాత రెండు నిమిషాలు పాతదాంట్లో గట్టిది. తర్వాత నాలుగు నిమిషాలు కొత్తది. చివరి మూడు నిమిషాలు పాతదాంట్లో అన్నిటికంటే గట్టిది. దిగిపోయేటప్పుడు మాత్రం కొత్తదాన్ని ఒక్కసారి గుర్తు చెయ్యి: "ఇగ నేను పోతున్న. రేపు కోచింగ్ ఉన్నది." ఆ మాటకు చప్పట్లు రాకపోతే నాకు రాయి.

పది నిమిషాలు ఇచ్చామన్నారు కదా, దాని మీద ఆశ పెట్టుకోకు. ఇక్కడి ఉత్సవాల్లో స్టేజీ పక్కన నిలబడి కార్యక్రమాలు నడిపించినదాన్ని కాబట్టి చెప్తున్నా. జ్యోతి ప్రజ్వలన ఆలస్యమవుతుంది, అతిథుల ప్రసంగాలు సాగుతాయి, సన్మానాలు మొదలైతే ఎప్పుడు అయిపోతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. ఇంకో పక్క, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల తర్వాత లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండుగ రోజుల్లో ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తేనే 12 దాకా నడుస్తుంది. అందుకని చివర్లో ఉన్నవాళ్ల టైమే కోతపడుతుంది. ఆరు నిమిషాలంటే పలకరింపు, పాతదాంట్లో ఒకటి, కొత్తదాంట్లో ఈ కోచింగ్ ముక్క, చివరిది. మూడు నిమిషాలే అన్నారంటే కొత్తది పూర్తిగా మానెయ్యి, పాతదాంట్లో గట్టిది చెప్పి దిగు. ఈ మూడు రకాలూ ఇంట్లో గడియారం పెట్టుకుని చెప్పుకో. నిర్వాహకులను ఇంకో మాట అడుగు, నిన్ను గ్రూప్ డ్యాన్స్ వెనక గాని, మిమిక్రీ వెనక గాని వేయొద్దని. డ్యాన్స్ అయ్యాక తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి లేచిపోతారు. మిమిక్రీ ఈలలతో ముగుస్తుంది, దాని వెనక మాటలు వినే ఓపిక ఉండదు. ఒక పాట తర్వాత అయితే నీకు మంచిది.

సౌండ్ అతని దగ్గరికి ముందే వెళ్లి, మాట్లాడేటప్పుడు ఎకో తీసేయమని చెప్పు. పాటలకని పెట్టిన ఎకోతో నువ్వు జోకు చెప్తే ప్రతి మాట రెండుసార్లు వినిపిస్తుంది, చివరి మాట మీదికి దాని ముందు మాట వచ్చి పడుతుంది. మైకు పెదాలకు దగ్గరగా పట్టుకో, నవ్వు వచ్చినప్పుడు కూడా దించకు. ఎవరైనా వెనక నుంచి "వినపడ్తలేదు" అని అరిస్తే అది నిన్ను ఆట పట్టించడం కాదు, నిజంగానే వినపడటం లేదు. సర్దుకుని ఆ వాక్యం మళ్లీ చెప్పు. ముందు సోఫాల్లో ముఖ్య అతిథులు, వాళ్ల కాళ్ల దగ్గర పిల్లలు కూర్చుంటారు. పిల్లలకు అర్థం కాదు, పెద్దలు నలుగురూ చూస్తున్నారని బిగుసుకుని ఉంటారు. వాళ్లను చూస్తూ చెప్తే నీ ధైర్యం జారిపోతుంది. మూడో వరుస, నాలుగో వరుస ఆడవాళ్లను చూసి చెప్పు. బయట మైదానంలో నవ్వు గాల్లోకి పోతుంది, స్టేజీ మీదికి సగమే వినిపిస్తుంది. నవ్వలేదనుకుని తొందరపడకు, భుజాలు కదులుతున్నాయా చూడు.

ఒక ముక్క తేలిపోతే ఒక్క క్షణం ఆగి తర్వాతి దానికి పో. "హైదరాబాద్‌లో దీనికి బాగా నవ్వారు" అని మాత్రం అనకు. ఆ మాట అంటే సొంతూరివాళ్లను తక్కువ చేసినట్టే.

అమ్మ సంగతి. నువ్వు అమ్మ ముందు వరుసలో కూర్చోవడం గురించి టెన్షన్ పడుతున్నావు. నాకు ఆ రెండో వరుసలో కూర్చునే పక్కింటామె గురించి ఆలోచన. ఈ జోకు చెప్పిన మరుక్షణం మీ అమ్మ చెప్పిన అబద్ధం కాలనీ మొత్తానికి తెలిసిపోతుంది. పోస్టరు మీద నీ పేరు పడగానే కామెడీ సంగతి ఎట్లాగూ బయటపడుతుంది, కాని కోచింగ్ సంగతి బయటపెట్టేది నువ్వు. నువ్వు మళ్లీ శనివారం రైలెక్కి పోతావు, అమ్మ తెల్లారి కూరగాయల బండి దగ్గర వాళ్లందరి మధ్యే నిలబడాలి. కాబట్టి ఈ వారమే ఇంట్లో కూర్చోబెట్టి, స్టేజీ మీద ఎట్లా చెప్తావో అట్లాగే, ఒక్క మాట దాచకుండా అమ్మకు వినిపించు. కామెడీ మానమంటే మానాల్సిన పని లేదు, అది నీ నిర్ణయం. కాని ఫలానా మాట వద్దు అంటే ఈ స్టేజీ వరకు ఆ మాట తీసెయ్యి. ఒప్పుకుంటే, పెరుగు తెచ్చిన ఆ ఆంటీకి అమ్మతోనే ముందుగా చెప్పించు, "మా బిడ్డ చేసేది ఇది, మొహమాటానికి అట్ల చెప్పిన" అని. ఆమె నొచ్చుకోకుండా నవ్వితే, రేపు కాలనీ మొత్తం ఆమె ముఖం చూసి నవ్వుతుంది. మేనత్త మీద కూడా ఏదైనా రాసి ఉంటే ఆమెకూ వినిపించు, మేనత్తల అలక మామూలుగా ఉండదు. అమ్మ అసలే ఒప్పుకోకపోతే, కోచింగ్ ముక్కను హైదరాబాద్‌లో చెప్పుకో, ఇక్కడికి పెళ్లిచూపుల్లో వేరే ముక్క తీసుకురా. మూడు వారాలు ఉన్నప్పుడే అడగమనడం అందుకే.

డబ్బుల సంగతి అడగొచ్చు, మొహమాటం వద్దు. సౌండ్‌కు, లైటింగ్‌కు, బయటి నుంచి వచ్చే డ్యాన్స్ బృందానికి ఇస్తున్నారా అని తెలుసుకో. వాళ్లకు ఇస్తుంటే నీకూ ఇవ్వాలి, ఎంత తక్కువైనా సరే. ఎవరికీ ఇవ్వకుండా కాలనీవాళ్లు చందాలతో నడుపుతుంటే డబ్బు అడగకు, మూడు పనులు మాత్రం చేసి పెట్టమను: జనం రాకముందు ఐదు నిమిషాలు మైకు చూసుకోనివ్వడం, కార్యక్రమాల వరుసలో నువ్వు అడిగిన చోటు, వాళ్లు తీయించే వీడియోలో నీ పది నిమిషాలు కోత లేకుండా ఇవ్వడం. వీడియో వాళ్లు ఇస్తామన్నా సరే, మీ మేనత్త కొడుకునో, స్నేహితురాలినో మూడో వరుసలో కూర్చోబెట్టి ఫోన్‌లో ఆడియో రికార్డు చేయించు. వీడియో అతని మైకు స్పీకర్ల దగ్గర ఉంటుంది, అందులో నీ మాటలే వినిపిస్తాయి. ఎక్కడ నవ్వారో తెలియాలంటే జనం మధ్య పెట్టిన ఫోన్ కావాలి.